దీర్ఘశాంతం అంటే పొడుగు ముక్కా? (నిర్గమ 34:6 గురించి ఒక సందేహం)

కాలవగట్టు | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మొన్న మా వీధిలో కాటేజ్ మీటింగ్ జరిగింది. వాక్యం చెప్పడానికి వచ్చిన బ్రదర్ నిర్గమకాండం 34:6 చదివి, "మన బైబిల్లో దీర్ఘశాంతము అని ఉంది గానీ, హీబ్రూలో అక్కడున్నది పొడవైన ముక్కు" అన్నారు. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. మా పెద్దమ్మ "దేవుణ్ణి పట్టుకుని అవేం మాటలు" అని మొహం మాడ్చుకుంది. ఆయన అంతటితో వదిలేసి వేరే వచనానికి వెళ్లిపోయారు. నన్ను మాత్రం ఆ మాట వదల్లేదు. వచ్చే ఆదివారం సండే స్కూల్లో నేను చెప్పాల్సిన పాఠం ఇదే. ఇది అసలు హీబ్రూయేనా, వాట్సాప్ హీబ్రూనా? తెలిసినవాళ్లు చెప్పండి. లింకులు మాత్రం పెట్టొద్దు, ఇప్పటికే పది తెరిచి తల తిరిగింది.

పాత_అనువాదం | రాత్రి 9:55

నిజమేనమ్మా. అక్కడున్న మాట "ఎరెఖ్ అప్పాయిమ్". ఎరెఖ్ అంటే పొడవు. "అఫ్" అంటే ముక్కు. దానికి ద్వివచనం అప్పాయిమ్, అంటే రెండు ముక్కుపుటాలు. ఆ బ్రదర్ అబద్ధం చెప్పలేదు, సగంలో వదిలేశారంతే.

మిగతా సగం ఇది. హీబ్రూలో అఫ్ అంటే ముక్కూ అవుతుంది, కోపమూ అవుతుంది. "ముక్కు మండింది" అన్నారంటే కోపం వచ్చిందని. మనం దీనికి వింతపడాల్సిన పనే లేదు. "వాడికి ముక్కు మీదే కోపం" అని మన ఇళ్లలో అనుకోని రోజుందా? కోపం వచ్చినవాడు బుసలు కొడతాడు, ముక్కుపుటాలు అదురుతాయి. ముక్కు పొడుగైతే ఆ సెగ బయటికొచ్చేసరికి టైం పడుతుంది, ఈలోపు చల్లారనూవచ్చు. సామెతలు 14:17లో దీనికి ఎదురుమాట కూడా ఉంది, "కెత్సర్ అప్పాయిమ్", పొట్టి ముక్కువాడు. తెలుగులో "త్వరగా కోపపడువాడు" అని వేశారు.

నాకు ముచ్చటేసే సంగతి ఇంకొకటి. మన అనువాదకులు ముక్కును తీసేశారు గానీ పొడవును ఉంచారు, "దీర్ఘ" అని. పాత నిబంధనను గ్రీకులోకి తెచ్చినవాళ్లూ అదే పని చేశారు, "మక్రోథుమోస్" అన్నారు, మక్రో అంటే పొడుగు. కీర్తన 103:8లో "దీర్ఘశాంతుడు" అని చదివినప్పుడల్లా ఆ పొడుగు మన నోట్లోంచే వస్తోంది.

పిల్లలకి చెప్పేటప్పుడు సందర్భం మర్చిపోవద్దు. 32వ అధ్యాయంలో జనం బంగారు దూడను చేసుకుని పూజిస్తారు. అక్కడ 10వ వచనంలో దేవుడి ముక్కు మండుతుంది, 19లో మోషే ముక్కు మండి పలకలు పగలగొడతాడు. అంత జరిగాక రెండు అధ్యాయాలకే దేవుడు తన గురించి తాను "పొడుగు ముక్కువాణ్ణి" అని చెప్పుకుంటున్నాడు.

రమత్‌గన్_డైరీ | రాత్రి 11:30

వందనాలు అక్కా. నాది నిజామాబాద్ వైపు, తొమ్మిదేళ్లుగా ఇజ్రాయెల్లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను. పుస్తకాల హీబ్రూ నాకు రాదు, వంటింటి హీబ్రూ వచ్చు. నేను చూసుకునే అమ్మమ్మని నెలకోసారి క్లినిక్‌కి తీసుకెళ్తాను. ఆ మెట్ల పక్కన బోర్డు మీద "అఫ్ ఓజెన్ గరోన్" అని ఉంటుంది, ముక్కు చెవి గొంతు డాక్టరన్నమాట. మోషే పుస్తకంలో ఉన్న అఫ్ ఇక్కడ డాక్టర్ బోర్డు మీద కూడా ఉంది.

ఇప్పుడే ఆవిడని అడిగాను, ఎరెఖ్ అప్పాయిమ్ అంటే ఏంటని. "ఓపిక" అంది. మరి ముక్కు? అంటే, తన ముక్కు తడుముకుని నవ్వింది. రోజూ వాడేవాళ్లకి లోపలి బొమ్మ కనిపించదనుకుంటా. మనం మాత్రం "ముక్కు మీద కోపం" అన్నప్పుడు ముక్కుని చూస్తున్నామా ఏంటి.

తాటిముంజ | రాత్రి 11:48

అబ్బ, ఈ ఒక్క పోస్టు కోసం నిద్ర మానుకోవచ్చు.

మన్నా_పొట్లం | బుధవారం, ఉదయం 6:20

ప్రైజ్ ది లార్డ్. మీరంతా పైపైనే చూస్తున్నారు. ప్రాచీన హీబ్రూలో ప్రతి అక్షరం ఒక బొమ్మ. యెహోవా నామంలోని నాలుగు అక్షరాలూ విడదీస్తే "చెయ్యి, చూడు, మేకు, చూడు" అని వస్తుంది. చేతిని చూడు, మేకును చూడు! సిలువ అక్కడే ఉంది. అలాగే ఆదాము అనే పేరు "అదామా", అంటే మట్టి నుంచి వచ్చింది. తెలుగులో కూడా మన్ను, మనిషి. భాషలన్నీ ఒక్కచోట నుంచే వచ్చాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ధాతుపాఠం | ఉదయం 8:05

బ్రదర్, నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాదు, తెలుగు మాస్టారిని. మీ విశ్వాసం జోలికి రాను, భాష వరకే చెప్తాను.

అక్షరాల ఆకారాలు బొమ్మల నుంచి వచ్చాయన్నది నిజమే. ఆలెఫ్ ఎద్దు తల, బేత్ ఇల్లు. మీరు చెప్పిన వావ్ కూడా కొక్కెమే. ప్రత్యక్షగుడారం స్తంభాలకి తెరలు తగిలించే కొక్కేలని నిర్గమలో ఆ పేరుతోనే పిలుస్తారని విన్నాను. కానీ బొమ్మలు కలిపి మాటకి అర్థం తీయరు. చార్టులో "వ"కి వంకాయ, "ల"కి లడ్డు ఉందని "వల" అంటే వంకాయ లడ్డు అయిపోతుందా?

ఆదాము, అదామా వరకు ఒప్పుకుంటాను. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆడుకున్నది ఆదికాండం రాసినవాళ్లే (2:7). మన్ను, మనిషి మాత్రం కుదరదు. మన్ను అచ్చంగా ద్రావిడ మాట, తమిళంలో మణ్. మనిషి సంస్కృతం "మనుష్య" నుంచి వచ్చింది. రెండూ వేరువేరు ఊళ్ల నుంచి వచ్చి ఒకే బస్సులో పక్కపక్కన కూర్చున్నాయి, చుట్టరికం లేదు.

మన్నా_పొట్లం | ఉదయం 8:31

మాస్టారూ, లోకజ్ఞానంతో దేవుని వాక్యాన్ని కొలవకండి.

నిర్వాహకులు | ఉదయం 8:40

ఇద్దరూ మాట మీదే ఉండండి, మనిషి మీదికి వెళ్లొద్దు. అక్షరాల బొమ్మల మీద వేరే చర్చ తెరవచ్చు. ఇక్కడ ముక్కు దగ్గరే ఉందాం.

రూతు_కోడలు | ఉదయం 10:17

ముక్కు దగ్గర్నుంచి కొంచెం కిందికి, కడుపు దగ్గరికి రానివ్వండి.

ఆ వచనంలోనే "కనికరము" అని ఉంది చూడండి. దాని మూలం "రెహెమ్" అనే మాటతో కలుస్తుంది, అంటే గర్భసంచి. జాలి, కనికరం అనే అర్థంలో "రహమీమ్" అంటారు. సొలొమోను దగ్గరికి ఇద్దరు తల్లులు ఒకే బిడ్డ కోసం వచ్చిన కథ (1 రాజులు 3:26) గుర్తుందా? బిడ్డను రెండుగా నరకమన్నప్పుడు కన్నతల్లికి కదిలింది ఈ రహమీమే. అక్కడ మన పాత బైబిల్ ఏం రాసిందో తెలుసా? "తన బిడ్డ విషయమై పేగులు తరుగుకొని పోయినదై". ఎవరు రాశారో గానీ వాళ్లకి దణ్ణం పెట్టాలి. కడుపుతీపి, కన్నపేగు, కడుపు తరుక్కుపోవడం ఎరిగిన భాష కాబట్టే ఆ ముక్క అలా పడింది. ఆ ఒక్కచోట మన తెలుగు నాకు హీబ్రూ పక్కింటిదిలా అనిపిస్తుంది.

పాతబస్తీ_చాయ్ | ఉదయం 10:40

సలాం. ఇటు పక్కనుంచి ఒక మాట. అరబీలో కూడా రహిమ్ అంటే గర్భసంచే. బిస్మిల్లాలో రోజూ అనే రహ్మాన్, రహీమ్ అదే మూలం. ముక్కుని "అన్ఫ్" అంటాం, మీ "అఫ్"కి అన్నదమ్ములు అవుతుంది. హీబ్రూలో ఆ "న" మింగేశారు.

పాత_అనువాదం | ఉదయం 11:15

చాయ్ గారు చెప్పింది కరెక్టు. అప్పాయిమ్‌లో "ప" ఒత్తు పడటానికి కారణం మింగేసిన ఆ నకారమే. కోపపడటం అనే క్రియ "అనఫ్"లో అది ఇంకా బతికే ఉంది.

రూతమ్మా, నీ పోస్టు బాగుంది, కానీ ఒక మెలిక ఉంది. అదే మూలం నుంచి వచ్చిన క్రియ కీర్తన 103:13లో ఎవరికి వాడారో చూడు. "తండ్రి తన కుమారుల యెడల జాలిపడునట్లు". తండ్రికి గర్భసంచి లేదు కదా. రహమీమ్ కనిపించిన ప్రతిచోటా కడుపు చూపించి ఏడిపించే ప్రసంగాలు నాకు పడవు. 1961లో జేమ్స్ బార్ అనే పండితుడు దీని మీదే గట్టిగా రాశారు. మాటకి అర్థం పుట్టుక నుంచి రాదు, వాడిన వాక్యం నుంచి వస్తుంది. మూలాన్ని తవ్వి అదే "అసలు అర్థం" అనేయడం ప్రసంగాలకి అలవాటైపోయింది. రాజుల కథలో కడుపు వాక్యంలోనే ఉంది, ఎందుకంటే అక్కడున్నది తల్లి. కీర్తనలో లేదు. అంతే తేడా.

రూతు_కోడలు | మధ్యాహ్నం 12:02

ఒప్పుకుంటాను బాబాయ్. అయినా తండ్రి జాలిని చెప్పడానికి తల్లి మాటని అరువు తెచ్చుకోవాల్సి వచ్చిందని మాత్రం నేను అనుకుంటూనే ఉంటాను 🙂

పాత_అనువాదం | మధ్యాహ్నం 12:10

నీతో గెలవలేను.

తాటిముంజ | మధ్యాహ్నం 2:45

చిన్న డౌట్. అదే వచనంలో చివర "కృపాసత్యములు" అని ఉంది. ఆ "కృప" హీబ్రూలో "హెసెద్" అంటారు కదా? మా పాస్టర్‌గారు కృప అంటే "అర్హత లేనివాడికి దొరికే దయ" అని చెప్తారు. హెసెద్ అంటే అదేనా?

రూతు_కోడలు | మధ్యాహ్నం 3:30

నా హ్యాండిల్ ఇదెందుకు పెట్టుకున్నానో చెప్పే చాన్స్ వచ్చింది.

హెసెద్ పాత నిబంధనలో సుమారు 250 సార్లు వస్తుంది, అందులో సగం కీర్తనల్లోనే. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26 సార్లూ "ఆయన కృప నిరంతరముండును" అని వస్తుంది, ఆ కృప ఇదే. కానీ రూతు గ్రంథం తీయండి. చిన్న పుస్తకం, నాలుగు అధ్యాయాలు. అందులో హెసెద్ మూడుసార్లు ఉంది. 1:8లో నయోమి కోడళ్లతో, మీరు నాకు చూపినట్టే యెహోవా మీకు చూపాలి అంటుంది. అక్కడ తెలుగులో "దయ". 2:20లో చుట్టం బోయజు సంగతి విని నయోమి అనే మాటలో "ఉపకారము". 3:10లో కళ్లంలో అర్ధరాత్రి బోయజు రూతుతో, నువ్వు ముందు చూపినదానికన్నా ఇప్పుడు చూపింది ఎక్కువ అంటాడు. అక్కడ "సత్ప్రవర్తన". ఒకే మాట, మూడు వేషాలు. హీబ్రూలో వినేవాడికి మొదటి అధ్యాయంలో అత్త పెట్టిన దీవెన మూడో అధ్యాయంలో బోయజు నోట తిరిగొచ్చిందని తెలిసిపోతుంది. తెలుగులో మనకి ఆ దారం తెగిపోయింది. అనువాదకుల తప్పు అనను. ఆ మూడు చోట్లా "కృప" అని పెడితే వాక్యం కూర్చోదు.

అర్హత లేనివాడికి దొరికేది అన్న అర్థం ఇక్కడ సరిపోతుందా? రూతు నయోమికి చేసింది దయ కాదు. భర్త పోయాడు, పుట్టింటికి పొమ్మంటున్నారు, పోతే ఎవరూ తప్పుపట్టరు. అయినా పోలేదు. ఇంకో కోడలు ఒర్పా వెళ్లిపోయింది, ఆమెనీ పుస్తకం తిట్టలేదు. కట్టుబాటు అయిపోయిన చోట కూడా విడిచిపెట్టకపోవడం, అది హెసెద్. ఇంగ్లీషులో 1535లో కవర్‌డేల్ అనే బైబిల్ అనువాదకుడు దీని కోసం ఏకంగా రెండు మాటలు అతికించి "లవింగ్‌కైండ్‌నెస్" అని కొత్త మాట తయారుచేశాడు. ఇప్పటి ఒక వాడుక భాషా అనువాదంలో "మారని ప్రేమ" అని వేశారు. దగ్గరికొచ్చింది, కానీ ప్రేమ అనగానే మనసులో ఉండేది అనిపిస్తుంది. రూతు చేసింది పొలంలో పరిగె ఏరడం.

ధాతుపాఠం | సాయంత్రం 4:10

తెలుగులో ఒక్క మాట కావాలంటే "ఋణానుబంధం" ఎలా ఉంటుంది?

రూతు_కోడలు | సాయంత్రం 4:25

వినడానికి బాగుంది మాస్టారూ, కానీ అందులో పూర్వజన్మ బాకీ ఉంది. రూతుకి బాకీ ఏమీ లేదు, కథంతా అదే.

ధాతుపాఠం | సాయంత్రం 4:31

సరే, వెనక్కి తీసుకున్నాను. మా అమ్మమ్మ "కడదాకా చూశాడు" అనేది, మంచాన పడ్డ తండ్రికి కొడుకు చేస్తే. క్రియగా అయితే అది దగ్గర.

రూతు_కోడలు | సాయంత్రం 4:33

అది చాలా దగ్గర! రాసి పెట్టుకుంటున్నాను.

తాటిముంజ | సాయంత్రం 6:50

పనిలో పని, నా అనుభవం ఒకటి. యిర్మీయా 1:11లో దేవుడు ఏం కనబడుతోంది అని అడిగితే ప్రవక్త "బాదముచెట్టు చువ్వ" అంటాడు. వెంటనే దేవుడు, నా మాట నెరవేర్చడానికి నేను ఆతురపడుతున్నాను అంటాడు. చిన్నప్పట్నుంచీ నాకు ఈ రెంటికీ సంబంధం అర్థమయ్యేది కాదు. మా స్కూల్ గేటు దగ్గర ఒక బాదం చెట్టుండేది, విస్తరాకులంత ఆకులు, కింద పడ్డ కాయలు రాయితో కొట్టుకుని పప్పు తినేవాళ్లం. యిర్మీయా చూసింది కూడా అదే అనుకున్నా ఇన్నాళ్లూ.

పాత_అనువాదం | రాత్రి 8:15

అది మన నాటు బాదం, వేరే జాతి. యిర్మీయా చూసింది షాపులో కిలోల్లెక్కన కొనే అసలు బాదం. దాన్ని హీబ్రూలో "షాకేద్" అంటారు. కనిపెట్టుకుని ఉండటం "షోకేద్". షాకేద్ చూశావా, నేను షోకేద్ అంటున్నాడు దేవుడు. తెలుగులోకి వచ్చేసరికి చెట్టూ మిగిలింది, అర్థమూ మిగిలింది, రెంటినీ కలిపిన చప్పుడు మాత్రం పోయింది. ఆమోసు 8లోనూ ఇదే సంగతి. గంపలో వేసవి పండ్లు "కాయిత్స్", వచ్చేసింది "కేత్స్", అంతం. ఇలాంటివి ఏ అనువాదకుడూ తేలేడు, అడుగున ఒక ముక్క రాయాల్సిందే.

రమత్‌గన్_డైరీ | రాత్రి 10:05

ఇక్కడ చలికాలం పోకముందే, మిగతా చెట్లన్నీ మోడుగా ఉండగానే షాకేద్ పూస్తుంది. ఆకు కూడా రాదు, కొమ్మంతా తెల్లటి పూలు, మధ్యలో కొంచెం గులాబీ. ఫిబ్రవరిలో బస్సులో వెళ్తుంటే కొండ పక్కన అదొక్కటే మేలుకుని ఉన్నట్టుంటుంది. "కనిపెట్టుకుని ఉండేది" అని ఎందుకన్నారో చూస్తే అర్థమవుతుంది. ఇంకో తమాషా, సూప్‌లో వేసుకునే చిన్న చిన్న పసుపు బిళ్లల్ని ఇక్కడ "శ్కెదే మరక్" అంటారు, సూప్ బాదములని. అందులో బాదం ఉండదు.

ఇంకొకటి చెప్పి పడుకుంటా. "షాలోమ్" అంటే సమాధానం అని మనం పాటల్లో పాడతాం. ఇక్కడ ఎలా ఉన్నావు అని అడగాలంటే ఆడవాళ్లని "మా ష్లోమేఖ్" అంటారు, నీ షాలోమ్ ఏంటి అని. జవాబు ఏదైనా ముందు బాగున్నా అనేస్తారు, మనలాగే. 2 రాజులు 4:26 చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. షూనేమీయురాలి కొడుకు చనిపోయాడు, మంచం మీద పడుకోబెట్టి ప్రవక్త దగ్గరికి గాడిద మీద పరుగున వస్తోంది. ప్రవక్త పనివాడు గేహజీ ఎదురొచ్చి నువ్వు బాగున్నావా, నీ పెనిమిటి బాగున్నాడా, బిడ్డ బాగున్నాడా అని అడుగుతాడు. ఆమె ఒక్క మాట అంటుంది, "షాలోమ్". తెలుగులో "సుఖముగా ఉన్నామని" ఉంది. ఇండియా నుంచి ఫోనొస్తే నేనూ అదే అంటాను. మా నాన్న పోయిన వారం కూడా అదే అన్నాను, అలవాటుగా.

కాలవగట్టు | రాత్రి 10:20

తమ్ముడూ, ఇది చదివి ఏం రాయాలో తెలియట్లేదు. ప్రార్థనలో గుర్తుపెట్టుకుంటాను.

మన్నా_పొట్లం | గురువారం, ఉదయం 6:15

రమత్‌గన్ బ్రదర్, మీ కోసం ప్రార్థిస్తున్నాను. మాస్టారూ, నిన్న కొంచెం ఎక్కువ మాట్లాడాను, మనసులో పెట్టుకోవద్దు. అక్షరాల సంగతి మాత్రం నేను ఒప్పుకోను 🙏

ధాతుపాఠం | ఉదయం 7:50

పెట్టుకోలేదు. వంకాయ లడ్డు మీకు బాకీ.

పాత_అనువాదం | శనివారం, మధ్యాహ్నం 1:40

కాలవగట్టు అమ్మాయికి, రేపటి పాఠానికి ఒక ముక్క. పిల్లలకి యోనా తెలుసు కదా. నీనెవె ఊరిని దేవుడు నాశనం చేయకుండా వదిలేశాడని 4:2లో యోనా దేవుడితో పోట్లాడుతూ ఈ నిర్గమ మాటలే అప్పజెప్తాడు, నువ్వు ఎరెఖ్ అప్పాయిమ్‌వని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అని. తెలుగులో అక్కడ "బహు శాంతము" అని మారింది కాబట్టి ఆ సంబంధం మనకి కనబడదు. దేవుడి ముక్కు పొడుగని ప్రవక్తకి మంట! చేప కన్నా పిల్లలకి ఇదే నవ్వొస్తుంది.

కాలవగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 2:30

చర్చి నుంచి ఇప్పుడే వచ్చాను. అందరికీ చాలా థాంక్స్.

పెద్దమ్మకి నిన్న రాత్రే చెప్పాను, మనం ముక్కు మీద కోపం అంటాం కదా, ఇదీ అలాంటిదే అని. "అలా ముందే చెప్పొచ్చుగా ఆయన" అంది. క్లాసులో పిల్లల చేత ముక్కు మీద వేలు పెట్టించి, ఊపిరి లోపలికి తీసుకుని పది లెక్కపెట్టేదాకా మెల్లగా వదలమన్నాను. ఇది పొడుగు ముక్కు అన్నాను. తర్వాత గబగబా బుస కొట్టమన్నాను, ఇది సామెతల్లోని పొట్టి ముక్కు అన్నాను. గది గదంతా ఎద్దుల సంత అయిపోయింది. యోనా ముక్క కూడా చెప్పాను బాబాయ్, బాగా పేలింది.

చివర్లో ఎవరికి ఏం అర్థమైందో చెప్పమంటే రెండో క్లాసు పిల్లాడు లేచి, "టీచర్, మా నాన్నది పొట్టి ముక్కు" అన్నాడు.

వాళ్ల నాన్న వాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.